పావురాల పత్రికకు నేను కొత్త బట్టలు కుట్టించిన సంగతి

ఆ మంగళవారం పొద్దున పదకొండు గంటలకు కంప్యూటర్లో ఉత్తరాల పెట్టె తెరిచి, మూడో ఉత్తరం చదువుతుండగా నాకు భయం పట్టుకుంది. మూడూ పొగడ్తలే. కొత్త రూపం బాగుందని ఒకరు, రంగులు ముచ్చటగా ఉన్నాయని ఒకరు, మా కృషి అభినందనీయమని ఒకరు. ఆ మూడు ఉత్తరాలూ పావురాలు ఎగరేసే అలవాటు లేని ఊళ్ల నుంచి వచ్చాయి. మా పక్క పేట బార్కస్‌లో నెట్ సెంటర్లలో కూర్చుని రోజూ మమ్మల్ని తిట్టే కుర్రాళ్ల నుంచి ఒక్క ముక్క లేదు. సోమవారం లేదు. ఆదివారం లేదు. శనివారమూ లేదు. రోజుకు కనీసం నాలుగు తిట్లు తినడానికి అలవాటు పడిన దాన్ని, నాలుగు రోజులుగా పస్తులుంటున్నానని అప్పుడు గమనించాను.

భయపడటం నాకు కొత్త కాదు. గ్యాస్ సిలిండరు కట్టేశానా అని ఆటో దిగి వెనక్కి వెళ్లే మనిషిని. పిల్లలు దగ్గితే ఒక భయం, దగ్గకపోతే ఇంకొకటి. నా భయాలతో ఉన్న చిక్కేమిటంటే అవి ఎప్పుడూ పక్కింటి తలుపు తడతాయి. ఆ రోజు కూడా ఉత్తరాలు పంపే ఫారం పాడైందేమోననే భయపడ్డాను. పరీక్షించడానికి నా పేరుతో నేనే ఒక ఉత్తరం రాశాను: "మీ పత్రిక పరమ చెత్తగా ఉంది." నిమిషంలో వచ్చేసింది. దాని వెనకే నేను తయారుచేసిన జవాబు దానంతటదే నాకు వచ్చింది: "మీ అభిప్రాయం మాకు అమూల్యం. మీవంటి అభిమానుల ప్రోత్సాహమే మాకు శ్రీరామరక్ష. మా కొత్త రూపాన్ని మీ బంధుమిత్రులకు కూడా చూపించగలరు."

ఫారం బాగానే ఉంది. అంటే జనమే మాట్లాడటం మానేశారు.

ఎవరి కోసం రాస్తున్నాను

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి కోసం. ఆమె ఎవరో నాకు తెలియదు. రావుగారు ఇంకా వెతుకుతున్నారు. మావారికి బదిలీ అయింది, పిల్లల పరీక్షలు కాగానే వెళ్లిపోతాం. ముప్ఫై నాలుగేళ్లకు రిటైరవుతున్నానని చెప్తే మా అత్తగారు నవ్వారు. ఆరేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని, ఆ కుర్చీ కూడా నా ఆకారంలోకి వచ్చాక, దాన్ని వదలడాన్ని ఇంకేమంటారో నాకు తెలియదు. పిల్లలు పడుకున్నాక రోజుకు కాస్త రాస్తున్నాను, కాబట్టి అతుకులు కనిపిస్తే క్షమించాలి.

పత్రిక పేరు మీకు తెలుసు కాబట్టి చెప్పను. పావురాలు పెంచేవారి కోసం, వాటిని ఎగరేసేవారి కోసం తెలుగులో ఇంటర్నెట్‌లో వచ్చే పత్రిక. దాన్ని నడిపేది రావుగారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో ఒక లేబొరేటరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి, సంతోష్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక మిద్దె మీద ఎనిమిది పావురాలను పెట్టుకున్నారు. అవి ఎగరడం తక్కువ, మిద్దె మీద అటూ ఇటూ వాకింగ్ చేయడం ఎక్కువ. అన్నీ ఆయనలాగే పద్ధతైనవి. కింది గదిలో ఒక కంప్యూటరు, నేను.

నన్ను ఎందుకు తీసుకున్నారో కూడా చెప్పాలి. నాది జువాలజీ బీయస్సీ. "పక్షుల గురించి తెలిసినమ్మాయి దొరికింది" అని ఆయన మురిసిపోయారు. కాలేజీలో నేను చూసిన జంతువులు కప్ప, బొద్దింక. రెండింటినీ కోశాను తప్ప పెంచలేదు. ఆ మాట నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. చేరిన మొదటి నెలలో, తుమ్ముతున్న పావురానికి ఏం చేయాలని ఒకాయన రాస్తే, జవాబు ఇవ్వడానికి ముందు నా ఇద్దరు పిల్లల్నీ వారం రోజులు మా అమ్మ దగ్గరికి పంపించేశాను. ఆ పావురం ఉన్నది నల్గొండలో.

కొత్త రూపం

మూడేళ్లు గడిచాక పత్రిక రూపం మార్చాలని నాకు బుద్ధి పుట్టింది. పాఠకులెవరూ అడగలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు నెలల కోర్సు చేసి, నేర్చుకున్నదంతా ఎక్కడో ఒకచోట వాడకపోతే నిద్రపట్టని స్థితిలో ఉన్నాను.

అందుకని పేజీ మీద ఈకలు రాలేటట్టు చేశాను. మౌస్ ఎటు కదిలితే అటు ఒక తెల్ల ఈక తేలుతూ వస్తుంది. వెనక నీలాకాశం, మబ్బులు. "కొత్తది" అనే మాట ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. రావుగారు చూసి, "అమ్మా సుజాతా, సినిమా హాల్లో కూర్చున్నట్టుందమ్మా" అన్నారు. దాన్ని పొగడ్త అనుకున్నాను.

తొలిరోజు వచ్చిన తిట్లు ఇప్పటికీ దాచుకున్నాను. "ఈకలు ఊడ్వనీకి చీపురు గూడ పంపున్రి." "అరగంటకు పైసలిచ్చి కూసున్న, మబ్బులు ఒచ్చేసరికి అరగంట అయిపోయింది, పావురం మాత్రం రాలే." "అక్కా, ఎర్రగ ఏదో కొట్టుకుంటుంది, ఆంబులెన్సా?" ఇవి రాసిన కుర్రాళ్లు పేజీని చివరిదాకా చదివారు. పొగిడినవాళ్లు మొదటి పేజీ కూడా దాటలేదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మీకు సగం ఉద్యోగం వచ్చినట్టే: తిట్టేవాడే మీ పాఠకుడు. మీ మీద ఆశ వదులుకోని వాడే తిడతాడు.

నేను ఈకలు తీసేశాను, మబ్బులు తీసేశాను. ఎర్రదాన్ని ఆర్పేశాను. తప్పులన్నీ దిద్దుకునే మంచి సంపాదకురాలినని నా మీద నాకే గౌరవం కలిగింది. ఆ గౌరవం కలిగినప్పుడే పసుపు డబ్బా పెట్టాను.

పసుపు డబ్బా

దాని గురించి చెప్పాలంటే ఈ ఆటలో ఒక సంప్రదాయం చెప్పాలి. నాకు అప్పుడు తెలియనిది అదే. ఒకరి గుంపు గాల్లో ఉండగా ఇంకొకరి గుంపు వచ్చి కలుస్తుంది. రెండూ విడిపోయేటప్పుడు కొన్ని పక్షులు పొరపాటున పరాయి మిద్దె మీద దిగుతాయి. దిగిన పక్షి ఆ మిద్దె వారిది. పోగొట్టుకున్నవాడు వచ్చి అడగడు, అడిగితే నామోషీ. దొరికినవాడు తీసుకెళ్లి ఇవ్వడు, ఇస్తే "నువ్వు ఇక ఆటలో లేవు" అని చెప్పినట్టు. అది ఇంకా పెద్ద అవమానం.

రావుగారికి ఇది అనాగరికంగా తోచేది. "దొరికిన వస్తువు సొంతదారుకు చేర్చడం పౌరధర్మం కదమ్మా" అనేవారు. ఆయన మిద్దె మీద పరాయి పావురం దిగితే రిజిస్టర్లో తారీఖు, వేళ, రంగు, కాలికున్న గుర్తు, ఆ రోజు గాలి ఎటు వీస్తోందో కూడా రాసి, పొద్దున పాలు పోయడానికొచ్చే మల్లేశ్ చేతికి ఆ పక్షిని ఇచ్చేవారు. మల్లేశ్‌ వాళ్లది వెనక బస్తీలో తాతల నాటి నుంచి గేదెలున్న ఇల్లు. అతనికీ ఒక గుంపు ఉంది. "నేనిస్త లే సార్, వాండ్లను నేనెరుగుదు" అని చంకలో పెట్టుకుని పోయేవాడు.

ఆ రిజిస్టరు చూసి నాకు ఆలోచన వచ్చింది. పత్రికలో "దొరికిన పక్షులు" అని ఒక పేజీ పెట్టాను. ఎవరికి పక్షి దొరికినా ఫారం నింపితే చాలు, మా చేయి పడకుండా నేరుగా పేజీలోకి ఎక్కుతుంది. మా పాత సంచికల్లో ఎవరి పక్షులకు ఏ గుర్తు ఉంటుందో ఒక వ్యాసం ఉంది. ఆ గుర్తులను ఈ పేజీకి కలిపాను. ఎర్రదారం, రాగి కడియం అని రాస్తే పక్కన యజమాని పేరు దానంతటదే వస్తుంది. నా జీవితంలో నేను చేసిన అతి తెలివైన పని అది. ఇంకా తెలివి మిగిలిపోతే, మొదటి పేజీలో పసుపురంగు డబ్బా ఒకటి పెట్టాను: "ఈ నెల ఎక్కువ పక్షులు తప్పిపోయినవారు". లెక్క కూడా కంప్యూటరే కడుతుంది. రావుగారు తన రిజిస్టరంతా అందులో ఎక్కించారు. కొత్తగా పావురాలు పెట్టుకున్న కంచన్‌బాగ్ క్వార్టర్ల వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉత్సాహంగా ఫారాలు నింపారు. మాలాగే బయటి నుంచి వచ్చినవాళ్లు.

శుక్రవారం సాయంత్రం డబ్బాలో పేరు వెలిసింది. "1. ఉస్తాద్ మహబూబ్ సాబ్ - 11 పక్షులు." రెండో స్థానంలో ఉన్నతను పోగొట్టుకున్నవి రెండే.

పెద్ద పేరు డబ్బాలోకి వచ్చిందని నేను సంతోషించాను. ఇది రాయకుండా దాటేయొచ్చు, కానీ అప్పుడు ఈ మొత్తం రాయడమే దండగ.

జవాబు

మహబూబ్ సాబ్ వెనక బస్తీలో ఉండే ముసలి దర్జీ. నలభై ఏళ్లు షేర్వాణీలు కుట్టారు, నలభై ఏళ్లు పావురాలు ఎగరేశారు. ఈ చుట్టుపక్కల ఎగరేసేవాళ్లలో సగం మంది ఆయన మిద్దె మీదే నేర్చుకున్నారు. మా పత్రికలో నెలకోసారి ఆయన చెప్పే మాటలు వచ్చేవి. మల్లేశ్ విని వచ్చి చెప్తే నేను రాసేదాన్ని. ఆయన కొడుకు ఇర్ఫాన్ గల్ఫ్‌లో డ్రైవరు, ఆ మాటల కోసం పత్రిక చదివేవాడు.

నేను నన్ను తిట్టుకుని ఫారం పరీక్షించిన ఆ మంగళవారమే, మధ్యాహ్నం ఒంటిగంటకు ఇర్ఫాన్ ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నేను కూడబలుక్కుని చదివాను.

"మేడం, అబ్బాకు పోయిన ఏడు మొత్తంల రెండు పక్షులు పోయినయ్. ఇప్పుడు నెలకు పదకొండు. అంటే కండ్లు కనిపిస్తలేవు. నాకు ఇంట్ల ఎవ్వరు చెప్పలే. మీ పసుపు డబ్బ చెప్పింది. ఇంటికి ఫోన్ చేసి అడిగిన. అబ్బా ఫోన్ పెట్టేసిండు."

నేను ఇంకా చివరి వాక్యం మీదే ఉండగా, నా కంప్యూటరు అతనికి జవాబు పంపేసింది. అతని అభిప్రాయం మాకు అమూల్యమని, అతని ప్రోత్సాహమే మాకు శ్రీరామరక్ష అని, ఈ కొత్త రూపాన్ని బంధుమిత్రులకు కూడా చూపించాలని.

మీరు చేరిన రోజే చేయాల్సిన మొదటి పని: ఆ జవాబు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందేమో వెతికి తీసేయండి. మనిషి రాసిన ఉత్తరానికి మనిషే జవాబు రాయాలి. తీరిక లేకపోతే ఊరుకోవాలి. ఊరుకోవడం అంత అమర్యాద కాదు.

సవరణ

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి మల్లేశ్ పాలక్యాను పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ డబ్బ పెట్టింది ఎవరక్కా?"

"నేనే."

"సారు గాదా?"

"కాదు."

"సారైతే నాలుగు మాటలని పోదామని కూసున్న. నువ్వంటే ఏమనాలె ఇప్పుడు." క్యాను మూత తీసి మళ్లీ పెట్టాడు. "ఆయనకు చూపు తగ్గి ఎనిమిది నెల్లయింది. గద్ద ఏడున్నదో, ఎవని గుంపు కలిసిందో కానొస్తలేదు. గింజలు ఆలస్యంగ జల్లుతుండు. పక్షులు మా మిద్దెల మీద దిగుతున్నయ్. ఆయన సాయంత్రం అసర్ నమాజుకు పోయినప్పుడు పక్క మిద్దె మీదికెల్లి దిగి మళ్ల గూట్ల పెడుతున్నం. బస్తీల పది మిద్దెలున్నయ్. పది మందికి ఎర్కే. ఎవడన్న నోరు తెరిసిండా? మా నాయనకు గూడ చెప్పలే నేను."

లోపలి నుంచి రావుగారు వచ్చి నిలబడ్డారు. అంతా విన్నారు.

"మరి నాకు చెప్పొచ్చు కదయ్యా, మల్లేశూ."

"చెప్తే మీరు రిజిస్టర్ల రాస్తరు గద సార్."

రావుగారు అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. "రాసేవాణ్ణే" అన్నారు.

శుక్రవారం నుంచి మహబూబ్ సాబ్ గూళ్లు తెరవడం లేదని మల్లేశ్ చెప్పాడు. డబ్బా సంగతి నెట్ సెంటర్ల నుంచి ఆ సాయంత్రానికే బస్తీ చేరింది. కొడుకు ఫోనుతో పూర్తయింది. ఆయన మల్లేశ్‌ని పిలిచి పక్షులన్నీ తీసుకుపొమ్మన్నారట. "ఎట్ల తీసుకపోవాలె? మా యాదవులు ఉస్తాద్ గుంపును మింగిన్రంటరు. తీసుకపోకపోతే అవి గూట్లనే కూసోని రెక్కలు మరిచిపోతయ్. ఆయన సుత గంతే. మిద్దెక్కుడు బంద్ జేసిండు. ముసలాయనకు ఇంకేమున్నది అక్కా?"

డబ్బా అప్పుడే తీసేశాను. తీయడానికి పట్టింది అర నిమిషం. తర్వాత సవరణ రాయడానికి కూర్చున్నాం. రావుగారు రాసింది ఇలా మొదలైంది: "పై పట్టికలోని అంకెలలో దోషమేమీ లేనప్పటికీ..." నేను అది చింపి నాది రాశాను. నాలుగు పేరాలు. కన్నీళ్లు, పశ్చాత్తాపం, మహబూబ్ సాబ్ గొప్పతనం. ఇప్పుడు తీసి చూస్తే ప్రతి వాక్యంలో "నేను" ఉంది. అప్పుడు మాత్రం గర్వంగా మల్లేశ్‌కు చదివి వినిపించాను.

"మంచిగున్నది" అన్నాడు. "ఇది సదివినోళ్లకు ముసలాయన మీద జాలి పుడ్తది. డబ్బ సూడనోళ్లకు గూడ పుడ్తది. గంత జాలి నెత్తిన పెట్టుకొని ఆయన ఎట్ల ఎగరేస్తడు?"

సవరణ వేయలేదు. తప్పు చేసిన సంపాదకుడికి సవరణ వేస్తే మనసు తేలికపడుతుంది. ఎవరి మనసు తేలికపడుతోందో వేసే ముందు చూసుకోండి.

మిద్దె మీద

ఆ మధ్యాహ్నం మల్లేశ్ వెంట ఆయనింటికి వెళ్లాను. ఉత్తచేతులతో వెళ్లకూడదని ఒక డజను అరటిపళ్లు తీసుకున్నాను. ఇరుకు మెట్లెక్కి పళ్లు చేతికివ్వబోతే మహబూబ్ సాబ్ వాసన చూసి, "నాకేం బీమారి లేదు బేటీ" అన్నారు. పళ్ల సంచి నా చేతిలోనే ఉండిపోయింది.

గూళ్లన్నీ మూసి ఉన్నాయి. లోపల పక్షులు గురగురమంటున్న చప్పుడు. ఆయన నవారు మంచం మీద కూర్చుని, "ఏం రాసినవో సదువు" అన్నారు. డబ్బా తీసేసే ముందు ఆ పేజీ కాగితం మీద తీసి ఉంచాను, అదే తెచ్చాను. చదువుతుంటే నా గొంతు నాకే వినబడలేదు.

"గట్టిగ సదువు. ముసలోన్ని."

"ఈ నెల ఎక్కువ పక్షులు తప్పిపోయినవారు. మొదటి స్థానం, ఉస్తాద్ మహబూబ్ సాబ్."

"మొదటి స్థానమా?"

"అవునండీ."

"రెండోది ఎవరు?"

పేరు చెప్పాను.

"వాడు ఈ జన్మల నన్ను దాటలేడు" అన్నారు. మల్లేశ్ నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన అతని వైపు తిరిగారు. "నవ్వకు. నాకు తెల్వదనుకున్నవా? పోయిన పక్షి తానే ఒస్తే గూటి ముందర కూసుంటది. తలుపు తీసుకొని లోపటికి పోయి, మళ్ల బయట గొళ్లెం పెట్టుకుంటదారా?"

మల్లేశ్ నవ్వు ఆగిపోయింది. "ఉస్తాద్, మరి ఎందుకు చెప్పలే?"

"మీరెందుకు చెప్పలే?" ఆయన నా వైపు తిరిగారు. "వీండ్లు దాసిన్రు. నేను దాసిన. ఇద్దరం మర్యాదగ ఉన్నం. ఇప్పుడు నువ్వు చెప్పినవ్. ఇగ వీడు పక్షి తెస్తే నేను చెయ్యి సాపాలె."

"డబ్బా తీసేశానండీ."

"మంచిది. నా కండ్లు ఒచ్చినయా?"

ఏం చేయమంటారని అడిగాను. నిజంగానే అడిగాను. ఆయన ఏది చెప్పినా చేసేదాన్ని. ఆయన చెప్పింది చేయడం నాకు ఈ రోజుకీ కష్టమే. "ఏం రాయకు" అన్నారు.

తర్వాత లేచి, గోడ పట్టుకుని వెళ్లి మొదటి గూడు గొళ్లెం తీశారు. "మల్లేశ్, మీ పది మందికి చెప్పు. ఇయ్యాల్టి సంది దొరికింది దొరికినోనిదే. నా గూట్ల ఎవడన్న పక్షి పెట్టిండని తెలిస్తే, ఆ మిద్దెకూ నాకూ సలాం బంద్."

"ఉస్తాద్, గట్లయితే ఎండకాలం పోకముందే గూడు ఖాళీ అయితది."

"ఆటల ఉన్నోనికి గూడు ఖాళీ అయితది. ఆటల లేనోనికి నిండుగ ఉంటది. ఏది గావాలె నాకు?"

పక్షులన్నీ లేచాయి. అంత దగ్గరగా ఒక గుంపు లేవడం నేను ఎప్పుడూ చూడలేదు. మూడేళ్లుగా పావురాల పత్రిక సంపాదకురాలిని, రెక్కల గాలికి తల దించుకుని గోడకు అతుక్కుపోయాను. మహబూబ్ సాబ్ ఆకాశం వైపు మొహం పెట్టి, "బేటీ, చెప్పుడు నీకిష్టం గద. చెప్పు, ఏడున్నయ్?" అన్నారు.

"ఎడమవైపు ఉన్నాయండీ."

"ఎవరి ఎడమ?"

"నా... మీ... ఆ నీళ్ల ట్యాంకు వైపు."

"ఏ ట్యాంకు? ఎన్నున్నయో తెల్సా ఈ బస్తీల?"

మల్లేశ్‌ని నోరు విప్పవద్దని చేత్తో సైగ చేశారు. నేను చెప్తూనే ఉన్నాను. పైకి పోతున్నాయండీ, తిరుగుతున్నాయండీ, ఇప్పుడు ఇటు వస్తున్నాయండీ. కొంతసేపటికి మల్లేశ్ ఇక ఓర్చుకోలేక, "అక్కా, నువ్వు సూసేటివి కాకులు" అన్నాడు. తల తిప్పేసరికి అసలు గుంపు ఇంకో గుంపులో కలిసి విడిపోతోంది. ఆయన గింజలు చల్లి, నాలుక మడిచి ఈలవేసి పిలిచారు. పక్షులు దిగాయి. మల్లేశ్ లెక్కపెట్టాడు. మూడు తగ్గాయి.

అవి ఎక్కడ దిగాయో మా ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. రెండిళ్ల అవతల, మల్లేశ్ మిద్దె మీద. అతను తల పట్టుకున్నాడు. నేను మొదటిసారి నోరు మూసుకున్నాను.

"నీ మిద్దె మీదనేనా?" అన్నారు మహబూబ్ సాబ్, మా నిశ్శబ్దం విని. "మంచియి మూడూ. జొన్నలు తినయ్ అవి. సజ్జలు పెట్టు."

తర్వాత

ఆయన రోజూ ఎగరేశారు. ఇర్ఫాన్‌కు నేను ఉత్తరం రాశాను, నాలుగు వాక్యాలు, ఒక్కొక్కటీ నేనే రాసినవి. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి అతను సెలవు పెట్టుకుని వచ్చాడు. పొర కాదు, నరమే పోయిందన్నారట. బార్కస్ కుర్రాళ్లు నెల తర్వాత మళ్లీ తిట్టడం మొదలుపెట్టారు. డబ్బా గురించి ఎవరూ ఎత్తలేదు, అక్షరాలు చిన్నవయ్యాయని తిట్టారు.

బస్తీలో ఎవరూ ఆయన పక్షుల్ని పట్టాలని చూడలేదు. కానీ దిగిన పక్షిని తరిమినా అది దయ చూపినట్టే అవుతుంది. అందుకని దిగినదాన్ని దిగినట్టు ఉంచుకున్నారు, ఆయన చెప్పిన సజ్జలే పెట్టారు. ఎవరికి ఎన్ని దొరికాయో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. రావుగారి మిద్దె మీద రెండు దిగాయి. ఆయన రిజిస్టరు తెరిచి, కలం తీసి, మళ్లీ మూసేశారు. ముప్ఫై ఏళ్లు లేబొరేటరీలో ఉన్న మనిషికి అది ఎంత పనో నాకు తెలుసు.

వానలు రాకముందే ఒక సాయంత్రం మల్లేశ్ వచ్చి, చివరి జత కూడా పోయిందని చెప్పాడు. ముసలాయన ఖాళీ గూళ్లు కడిగించి, తలుపులన్నీ బార్లా తీసి పెట్టారట. తర్వాత కిందికి దిగి భోజనం చేశారట. "ఎట్లున్నడు?" అని నేను అతని భాషలోనే అడిగాను. "ఉస్తాద్ లెక్కనే ఉన్నడు" అన్నాడు.

ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరుగుతూ ఏడిస్తే పిల్లలకు తెలియదనుకున్నాను. ఉల్లిపాయలు అయిపోయాయి, ఏడుపు అవలేదు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు, అబ్బాయికి నాలుగు. అమ్మ ఎందుకేడుస్తోందని వాళ్లు అడిగితే, మావారు, "అమ్మకు తెలిసిన తాతగారి పావురాలు ఎగిరిపోయాయి" అని చెప్పి అన్నం తినిపించారు. పిల్లలు నమ్మారు. పావురాలు ఎగిరిపోవడం వాళ్లకు సహజంగానే తోచింది. నాకు ఆ రాత్రి అంతకంటె మంచి మాట దొరకలేదు, ఊరుకున్నాను.

పొద్దున జడ వేయించుకుంటూ అమ్మాయి అడిగింది, ఎగిరిపోయిన పావురాలు మళ్లీ వస్తాయా అని. తమ్ముడు కూడా పాలగ్లాసు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. దువ్వెన కింద పెట్టి ఇద్దరికీ చెప్పాను: "రావు. నాన్న చెప్పినట్టు అవి ఎగిరిపోలేదు. ఆ తాతగారికి కళ్లు సరిగా కనపడవని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. నేను ఆయన్ని అడక్కుండా ఊరందరికీ చెప్పాను. అందుకని పోయాయి."